గోడమీది జంతుశిరస్సు: కంప్యూటరు నమూనా నుంచి కాల్చిన మట్టి దాకా

గోడకు తగిలించే జంతుశిరస్సు శిల్పకళలో ఒక చిన్న శాఖ. జింక, ఏనుగు, ఎద్దు, గుర్రం, పులి వంటి జంతువుల్లో ఒకదాని తలను మెడదాకా తీసుకుంటారు. దాన్ని ఉన్నదున్నట్టు దించకుండా కొన్ని గీతలకో కొన్ని పలకలకో కుదిస్తారు. వెనకభాగం చదునుగా ఉంచి గోడకు బిగిస్తారు. ఇటీవలి కాలంలో ఇలాంటి తలలు ఎక్కువగా కంప్యూటరు తెరమీదే పుడుతున్నాయి. అక్కడినుంచి వస్తువుగా మారడానికి వాటికి నాలుగు దారులున్నాయి: కాగితం మడత, కోసిన పలకల కూర్పు, త్రీడీ ప్రింటింగు, అచ్చులో నొక్కిన మట్టి.

ఈ నాలుగు దారుల చుట్టూ నడిచే వాదంలో మూడు వేర్వేరు ప్రశ్నలు కలగాపులగమయ్యాయి. రూపం ఎక్కడ నిర్ణయమవుతుంది, తెరమీదనా చేతిలోనా అన్నది మొదటిది. ఏ పదార్థం ఏ గాలిలో నిలుస్తుందన్నది రెండోది. పూర్తయిన తల ఎవరి పని అనిపించుకుంటుందన్నది మూడోది. మొదటి ప్రశ్నకు జవాబు చెబుతున్నామనుకుంటూ చాలామంది మూడోదానికి చెబుతారు. రెండోదాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు.

ఈ చిక్కు విప్పడానికి పుదుచ్చేరి అనువైన చోటు. చేతి కాగితం, కాగితపు గుజ్జు బొమ్మలు, కాల్చిన మట్టిబొమ్మలు, స్టూడియో కుండల పని, అన్నీ ఆ ప్రాంతంలోనే దొరుకుతాయి. పట్టణానికి దక్షిణాన రేవు పక్కన ఉన్న ఉప్పళం లాంటి పేటల్లో సముద్రపు గాలి గోడకు తగిలించిన ప్రతి వస్తువునూ పరీక్షిస్తుంది.

వేట తల, కొలువు తల

జంతువు తల గోడకెక్కడానికి రెండు వేర్వేరు పూర్వకథలున్నాయి. ఒకటి వేట. సంస్థానాధీశులు, జమీందార్లు, తెల్లదొరలు చంపిన మృగాల తలలను తోలుతో సహా భద్రపరిపించి గోడలకు పెట్టుకునేవారు. ఈ పనికి దక్షిణాదిలో పేరుపడ్డది మైసూరులోని వాన్ ఇంగెన్ కార్ఖానా. 1900 ప్రాంతంలో మొదలై 1999లో మూతపడేదాకా అది వేల సంఖ్యలో పులుల్నీ చిరుతల్నీ గోడలకు సిద్ధం చేసింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ అలవాటు మొదలు నరికింది. షెడ్యూళ్లలో చేర్చిన జంతువుల తలలతోనూ తోళ్లతోనూ వ్యాపారం చేయడాన్ని 1986 సవరణ నిషేధించింది. ఈనాటి కృత్రిమ శిరస్సు ఆ ఖాళీలోకి వచ్చింది. ప్రాణికి హాని లేని అలంకారమని కొందరు దాన్ని మెచ్చుకుంటారు. తుపాకీ పోయినా వేటగాడి చూపు గోడమీదే ఉందని మరికొందరు అంటారు. ఈ రెండో మాటను తేలిగ్గా కొట్టివేయలేం. తలను మెడదగ్గర తెగ్గోసి చెక్కపలకకు బిగించే అమరికను చాలా నమూనాలు ఏ ఆలోచనా లేకుండా ఇంకా అలాగే దించుతున్నాయి.

రెండో పూర్వకథ దేవాలయానిది. యాళి, కీర్తిముఖం, సింహలలాటం వంటి శిరస్సులు వేటకు సంబంధించినవి కావు. అవి ద్వారం మీదా స్తంభం మీదా కాపలా ఉంటాయి. వాటి శైలీకరణ పాతది, లోతైనది కూడా. కీర్తిముఖానికి కింది దవడ లేకపోయినా చూసేవారికి లోటనిపించదు. బొబ్బిలి వీణ చివర ఉండే యాళి తల ఈ పరంపరలోదే. తమిళ పల్లెల్లో అయ్యనారు గుడుల ముందు నిలిచే మట్టి గుర్రాలు దీనికి దగ్గరి బంధువులు. మట్టిలో ఊక, ఇసుక కలిపి, లోపల బోలుగా ఉంచి, భాగాలుగా పైకి లేపి వాటిని కాలుస్తారు. ఆ గుర్రం తలలో కన్ను ఉబికిన గోళం, ముక్కు రంధ్రం ఒక రింగు, జూలు వరస గాట్లు. ఈ కుదింపు ఏ కంప్యూటరూ నేర్పింది కాదు. తడిమట్టిని వేళ్లతో ఎంతదాకా లాగవచ్చో ఎక్కడ ఆగాలో తెలిసినవాళ్ల నుంచి వచ్చింది.

ఆధునిక చిత్రకళలో ఈ కుదింపు ఒక అధ్యయనంగానే సాగింది. పికాసో 1945 చివర మొదలుపెట్టి మరుసటి ఏడాది జనవరిలో ముగించిన లిథోగ్రాఫుల వరసలో, ఒకే ఎద్దు పదకొండు దశల్లో కండలున్న జంతువు నుంచి కొన్ని గీతలకు కరిగిపోతుంది. అంతకుముందు 1942లో ఆయనే సైకిలు సీటునూ హ్యాండిల్‌నూ కలిపి ఎద్దు తల చేశాడు. ఈ రెండు పనులూ కుదింపుకు రెండు మార్గాలు చూపిస్తాయి. మొదటిది జంతువు నుంచి బయలుదేరి తీసేస్తూ పోతుంది. రెండోది పదార్థం నుంచి బయలుదేరి జంతువును పట్టుకుంటుంది. డిజిటల్ శిల్పులు దాదాపు అందరూ మొదటి మార్గాన్ని అనుసరిస్తున్నారు. వారి కష్టాల్లో ఎక్కువభాగం అక్కడినుంచే వస్తున్నాయి.

తెరమీది తల

కంప్యూటరులో ఆకారమంటే నిజానికి పైచర్మం మాత్రమే. త్రిభుజాలను అంచుకు అంచు కలిపి అల్లిన ఆ చర్మాన్ని మెష్ అంటారు. దానికి బరువు, మందం, తేమ ఏవీ ఉండవు. ఈ రంగంలో ప్రపంచమంతా ఎరిగిన రెండు నమూనాలు జంతువులవే కావడం సరదా అయిన విషయం. 1994లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో గ్రెగ్ టర్క్, మార్క్ లెవోయ్ ఒక కుందేలు బొమ్మను స్కాన్ చేసి 69,451 త్రిభుజాల మెష్ తయారుచేశారు. ఆ బొమ్మ కాల్చిన మట్టిది. అంటే డిజిటల్ రేఖాగణితంలో పాఠ్యపుస్తకంలాంటి ఆ కుందేలు ఎవరో కుమ్మరి పనినుంచి వచ్చింది. మట్టి నుంచి తెరకు వెళ్లే దారి ఎప్పుడో పడింది. ఇప్పుడు జరుగుతున్నది తిరుగు ప్రయాణం.

రెండోది సుజాన్. ఇది బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో 2002 నుంచి ఉన్న కోతి తల. మొత్తం 500 పలకలు. అదే ఏడాది అక్టోబరులో బ్లెండర్‌ను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా విడుదల చేయడంతో, ఖరీదైన లైసెన్సు కొనలేని విద్యార్థికీ చిన్న వర్క్‌షాపుకూ శిల్పం పని అందుబాటులోకి వచ్చింది. తలల నమూనాలు ఇన్ని పుట్టుకురావడానికి యంత్రాలు చవకబడటం ఎంత కారణమో ఇదీ అంతే కారణం.

తెరమీద శైలీకరణ రెండు రకాలుగా జరుగుతుంది. వివరంగా చెక్కిన తలను తీసుకుని త్రిభుజాల సంఖ్య తగ్గించమని కంప్యూటరుకు చెప్పడం ఒకటి. మైకేల్ గార్లండ్, పాల్ హెక్‌బర్ట్ 1997లో ప్రకటించిన పద్ధతి దీనికి ఆధారం. ఏ అంచును కుదిస్తే అసలు ఆకారానికి అతి తక్కువ నష్టమో లెక్కగట్టి, ఆ వరసలో అంచులను తొలగిస్తూ పోతుంది. లెక్క పక్కాగా ఉంటుంది, తల మాత్రం తరచు జీవం లేకుండా వస్తుంది. దీనికి కారణం కొలతలో ఉంది. కనుబొమ కింద ఉండే సన్నని గాడి కొలతకు చాలా చిన్నది కాబట్టి లెక్కలో అది ముందే పోతుంది. కానీ చూసేవాడు జింకను జింకగా గుర్తుపట్టేది ఆ గాడిని చూసే. పెద్దగా ఉబికిన దవడకు లెక్క ఎన్నో త్రిభుజాలు మిగులుస్తుంది, అక్కడ రెండు చాలు.

రెండో రకంలో పలకలను ఒక్కొక్కటిగా మనిషే పెడతాడు. ముక్కు దూలం మీద ఒక పొడుగు పలక, కంటి గుంటకు మూడు, చెంపకు ఒకటి. ఒంగోలు గిత్త తలనే తీసుకుంటే, దాని పొట్టి కొమ్ములు, వెడల్పైన నుదురు, వాలిన చెవుల వేరు, ఈ మూడూ కుదిరితే చాలు. మిగిలినదంతా చదునుగా ఉన్నా పల్లెటూరి మనిషి దాన్ని గుర్తుపడతాడు. పలకల అంచులు ఎముక వంపులను అనుసరించాలన్నది ఈ రంగంలో అనుభవజ్ఞులు ఒప్పుకునే కొద్ది సూత్రాల్లో ఒకటి. పలకలు ఎన్నుండాలన్న దానిమీద మాత్రం ఏకాభిప్రాయం లేదు, ఉండనవసరమూ లేదు. తల ఎంత దూరం నుంచి కనబడుతుందన్నదాన్ని బట్టి అది మారుతుంది.

మడత దారి

పలకల తలను విప్పి చదును చేస్తే కాగితం మీద అచ్చు వేయవచ్చు, కత్తిరించి మడిచి అంటించవచ్చు. జపానులో పుట్టిన పెపకురా సాఫ్ట్‌వేర్ ఈ విప్పే పనిని ఇంటి కంప్యూటరుకు తెచ్చింది. దీని వెనకున్న గణితం మాత్రం ఇంకా తేలలేదు. 1525లో జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ ఘనాకారాలను విప్పిన పటాలు తన పుస్తకంలో ముద్రించాడు. గుంటలు లేని ప్రతి బహుముఖినీ అంచుల వెంట కోసి, ముక్కలు ఒకదానిమీద ఒకటి పడకుండా ఒకే పటంగా విప్పగలమా అన్న ప్రశ్నను 1975లో జెఫ్రీ షెపర్డ్ స్పష్టంగా అడిగాడు. దానికి జవాబు ఇప్పటికీ లేదు. గుంటలున్న ఆకారాల్లో కొన్నింటిని అలా విప్పడం అసలు సాధ్యం కాదని మాత్రం తెలుసు. జంతువు తలలో గుంటలకు కొదవ లేదు. అందుకే ఏ సాఫ్ట్‌వేర్ అయినా తలను పది, ఇరవై ముక్కలు చేసి ఇస్తుంది. అతుకు ఎక్కడ పడాలో మనిషి చూసుకోవాలి. చెవి వెనక పడితే కనబడదు, నుదుటి మధ్యన పడితే తల మచ్చపడుతుంది.

పుదుచ్చేరిలో ఈ దారికి సొంత పదార్థం ఉంది. శ్రీ అరవిందాశ్రమం 1959లో మొదలుపెట్టిన చేతి కాగితపు కర్మాగారం నూలు గుడ్డ పీలికల గుజ్జుతో కాగితం చేస్తోంది. పొడుగైన నూలు పోగుల వల్ల ఈ కాగితం మడత దగ్గర తొందరగా చిట్లదు. యంత్రపు కాగితానికి పోగులు ఒకే దిక్కున పడుకుంటాయి కాబట్టి ఆ దిక్కున ఒకలా, అడ్డంగా మరోలా మడత పడుతుంది. చేతి కాగితంలో ఈ తేడా తక్కువ. ఏ దిక్కున పడితే ఆ దిక్కున మడతలుండే జంతుశిరస్సుకు ఇది పెద్ద సౌకర్యం. కాకపోతే అంచు కత్తిలా పదునుగా రాదు. పలకల తలకు పదునే అందమనుకునేవారు ఈ కాగితాన్ని ఇష్టపడరు.

భౌగోళిక గుర్తింపు పొందిన తిరుక్కనూరు కాగితపు గుజ్జు బొమ్మలది మరో మార్గం. అచ్చుమీద కాగితాన్ని పొరలు పొరలుగా అద్ది, ఆరాక పైపూత వేసి రంగులద్దుతారు. ఇందులో పలకల అంచులు మెత్తబడతాయి, గుండ్రటి ఆకారాలు బాగా కుదురుతాయి. రెండింటికీ ఉమ్మడి శత్రువు తేమ. ఈశాన్య రుతుపవనాలు పుదుచ్చేరిని తడిపే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో పూత సరిగా లేని కాగితపు తల కుంగిపోతుంది. లోపలివైపు కూడా పూత వేయాలి. పైన మాత్రమే వేస్తే తేమ లోపలినుంచి పీల్చుకుని తల ఒకవైపు వంకర పోతుంది.

ముక్కల దారి

తలను రొట్టె ముక్కల్లా అడ్డంగా కోసి, ఒక్కో ముక్క అంచును ప్లైవుడ్ మీద లేజర్‌తో కత్తిరించి, వరసగా పేర్చడం మరో పద్ధతి. ముక్కలను నిలువుగా, అడ్డంగా గాళ్లలో ఇరికించి కూర్చడం దానికి తోబుట్టువు. మామూలు ఇంటి గోడమీద ఎక్కువగా కనబడేది ఈ రెండోదే. జింక కొమ్ములకు ఇంతకంటే తేలికైన దారి లేదు. కొమ్ము అంటేనే చదునుగా కోసిన ముక్క కాబట్టి.

ఈ దారిలో విజయమంతా గాడి వెడల్పులో ఉంది. లేజర్ కిరణం తన దారిలో కొంత చెక్కను కాల్చేస్తుంది. ఆ నష్టం మిల్లీమీటరులో ఒకటి నుంచి రెండు పదోవంతులు ఉంటుంది. 4 మి.మీ. అని అమ్మే ప్లైవుడ్ కూడా కొలిస్తే సరిగ్గా అంత ఉండదు. రెండు లోపాలూ కలిస్తే ముక్కలు వదులై ఊగుతాయి, లేదా ఇరుక్కుని చిట్లుతాయి. అందుకే తెలిసినవారు తల కోయడానికి ముందు అదే షీటు అంచున నాలుగైదు వెడల్పుల గాళ్లు కోసి పరీక్షిస్తారు. సముద్రం పక్కన ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన పలక) వాడకపోవడమే మేలు. తేమకు అంచులు ఉబ్బి, బిగిసిన గాళ్లు పగులుతాయి.

కొండపల్లి పనితీరు ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. తెల్లపొణికి కర్రతో చేసే ఆ బొమ్మల్లో అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. అతుకు కనబడకుండా అదే మక్కు పైన పూసి నున్నచేస్తారు. ఏ భాగం ఏ దిక్కున చెక్కితే గట్టిగా ఉంటుందో అలా విడదీయడం వారి లెక్క. ఏటికొప్పాక బొమ్మల తర్కం వేరు. అంకుడు కర్రను తరిమెనమీద తిప్పి లక్కపూత వేస్తారు కాబట్టి ప్రతి రూపమూ గుండ్రటి భాగాలుగా ఆలోచించాల్సిందే. ఆ జంతువుల తలలు గోళాలూ శంకువులూ కలిసినవి. యంత్రం, పదార్థం కలిసి శైలిని నిర్ణయిస్తాయనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. తరిమెన కూడా యంత్రమే.

పొరల దారి

త్రీడీ ప్రింటింగు చరిత్రను క్లుప్తంగా చెప్పవచ్చు. జపానులో హిదియో కొదామా 1981లో కాంతికి గట్టిపడే రసాయనంతో పొరలుపొరలుగా వస్తువులు చేసి చూపించాడు. అమెరికాలో చార్లెస్ హల్ 1984లో పేటెంటుకు దరఖాస్తు చేసి 1986లో పొందాడు. కరిగిన ప్లాస్టిక్ తీగను పొరలుగా పరిచే పద్ధతికి స్కాట్ క్రంప్ 1989లో దరఖాస్తు చేశాడు. ఆ పేటెంటు గడువు 2009లో ముగిశాక యంత్రాల ధరలు పడిపోయాయి. పనిబల్ల మీద పట్టే ప్రింటర్లు ఆ తర్వాతే ఊళ్లకు చేరాయి.

తెలుగు ప్రాంతంలో ఈ పనికి పెద్ద చిరునామా హైదరాబాదులోని టీవర్క్స్. 78,000 చదరపు అడుగుల ఆ నమూనాల కేంద్రం 2023 మార్చి 2న ప్రారంభమైంది. అదే ఏడాది సిద్దిపేట జిల్లా బూరుగుపల్లిలో అప్సుజా ఇన్‌ఫ్రాటెక్ సంస్థ సింప్లిఫోర్జ్ యంత్రంతో కాంక్రీటు పొరలు పరిచి మూడు గర్భగుడుల ఆలయం కట్టింది. అక్కడ పొరల గీతలను దాచలేదు, అవే గోడ అందమయ్యాయి. గోడమీది తలల్లో మాత్రం చాలామంది ఆ గీతలను గరుకు కాగితంతో రుద్ది, పుట్టీ పెట్టి చెరిపేస్తారు. పొర 0.2 మి.మీ. మందమైతే 40 సెం.మీ. ఎత్తు తలకు రెండువేల పొరలు పడతాయి. వాటన్నిటినీ చెరిపే పని యంత్రం పనికంటే ఎక్కువ సమయం తీసుకోవచ్చు. చేతి పని తప్పించుకోవడానికి యంత్రాన్ని తెచ్చుకున్నవారికి ఇది చేదు లెక్క.

పీఎల్ఏ ప్లాస్టిక్ చవక, ముద్రించడం తేలిక, కానీ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. పడమటి ఎండ సూటిగా పడే గోడమీద, అదీ ముదురు రంగు వేస్తే, వేసవిలో ఏనుగు తొండం కిందికి జారడం అసాధ్యమేమీ కాదు. వేరే ప్లాస్టిక్‌లలో పెట్‌జీ 80 డిగ్రీల దాకా, ఏఎస్ఏ దాదాపు 100 డిగ్రీల దాకా తట్టుకుంటాయి. ఎండకు రంగు పోకుండా ఉండటంలోనూ ఏఎస్ఏది పైచేయి.

అచ్చు, మట్టి

పుదుచ్చేరికి పడమరన ఉన్న విలియనూరు మట్టిబొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ ఊరి శిల్పి వి.కె. మునుసామికి 2020లో పద్మశ్రీ దక్కింది. డిజిటల్ నమూనాను ఇలాంటి మట్టిలోకి తేవడమే ఈ మొత్తం వాదంలో అతి కష్టమైన పని, అందుకే అన్నిటికంటే ఎక్కువ నేర్పేదీ అదే.

మొదటి అడ్డంకి కుంచించుకుపోవడం. బంకమన్ను ఆరేటప్పుడు కొంత, కాలేటప్పుడు కొంత చిక్కుతుంది. మట్టిని బట్టి ఇది మారుతుంది. మొత్తం పొడవులో పది శాతమనుకుంటే, 40 సెం.మీ. తల కావాలంటే అచ్చులోని నమూనా 44.4 సెం.మీ. ఉండాలి. తెరమీద ఒక మీట నొక్కి పెంచేస్తే సరిపోతుందనుకోవడం తొలి పొరపాటు. మందం ఒకేలా లేని తల అన్నివైపులా ఒకేలా చిక్కదు. సన్నని చెవి ముందే ఆరిపోతుంది, మందమైన మెడ ఇంకా తడిగా లాగుతూ ఉంటుంది. చెవి మొదట్లో పగులు వస్తుంది. తలంతా ఒకే మందంలో, సెంటీమీటరు నుంచి ఒకటిన్నర సెంటీమీటరు లోపు, ఉండేలా లోపలి ఆకారాన్ని కూడా గీయాలి. మెష్‌కు లోపలంటూ ఏదీ ఉండదన్న మాటకు అసలు అర్థం ఇక్కడ తెలుస్తుంది.

రెండో అడ్డంకి అచ్చునుంచి తీయడం. ప్రింటు చేసిన నమూనా చుట్టూ ప్లాస్టర్ పోసి, రెండు మూడు ముక్కల అచ్చు చేస్తారు. ప్లాస్టర్ మట్టిలో నీటిని పీల్చుకుంటుంది, మట్టి కొంచెం చిక్కి విడివడుతుంది. వెనక్కి వంగిన కొమ్ము, లోపలికి ముడుచుకున్న చెవి, దవడ కింద గుంట ఉంటే అచ్చు పట్టేసుకుంటుంది. అప్పుడు అచ్చు ముక్కలు పెంచాలి, లేదా కొమ్ములనూ చెవులనూ చేత్తో చేసి తడిగా ఉండగానే అతికించాలి. కుమ్మరులు రెండోదే ఎంచుకుంటారు. అయ్యనారు గుర్రాల చెవులు కూడా అలాగే విడిగా వచ్చి చేరతాయి.

మూడోది కాల్పు. పూర్తిగా ఆరని మట్టిలో నీరు ఆవిరై తలను పగలగొడుతుంది. 573 డిగ్రీల దగ్గర ఇసుకలోని స్ఫటికం ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు మళ్లీ చిక్కుతుంది. ఆ మలుపు నెమ్మదిగా దాటించకపోతే పగుళ్లు తప్పవు. బోలు తలకు వెనకవైపు రంధ్రం విడవడం తప్పనిసరి. గోడకు తగిలించే కంతను ఇందుకూ వాడుకోవచ్చు. మట్టిలో కలిపిన ఊక కాలిపోయి వదిలే సన్నని ఖాళీలు ఆవిరికి దారిస్తాయి, బరువు తగ్గిస్తాయి. ఈ పాత ఉపాయానికి డిజిటల్ నమూనాలో చోటు లేదు. అది పదార్థంలోనే ఉంది.

రే మీకర్, డెబొరా స్మిత్ 1971లో పుదుచ్చేరిలో స్థాపించిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ ఈ విషయంలో మరో రకం చదువు నేర్పింది. పచ్చి ఇటుకలతో కట్టిన ఇంటినే బట్టీగా మార్చి నిలువునా కాల్చే ప్రయోగాలు మీకర్ 1980లలో చేశాడు. పరిమాణం పెరిగినకొద్దీ మట్టి ప్రవర్తన మారిపోతుందని, చిన్న నమూనాను పెంచితే పెద్ద వస్తువు కాదని ఆ ప్రయోగాలు చెప్పకనే చెప్పాయి.

మూడు వాదాలు

ఇంతదాకా చెప్పిన సాంకేతిక సంగతులను పక్కన పెట్టి చూస్తే, ఈ రంగంలో మూడు అభిప్రాయాలు కనిపిస్తాయి.

ఫైలే కృతి అనేది మొదటివారి మాట. రూపకల్పన పూర్తయ్యాక ముద్రణ పునరుత్పత్తి మాత్రమేనని, ఒకే తల కాగితంలోనూ కంచులోనూ ఒకే కృతి అని వారంటారు. పెద్ద విగ్రహాల పనిలో ఈ మాటకు బలముంది. 2022 ఫిబ్రవరి 5న ముచ్చింతల్‌లో ఆవిష్కరించిన 216 అడుగుల సమతామూర్తి లోహభాగాలను చైనాలోని ఏరోసన్ సంస్థ పోతపోసింది. ఆ కొలతలో నమూనాను ముక్కలుగా విభజించి, దూరదేశంలో చేయించి, ఇక్కడ కూర్చడం తప్ప వేరే దారి లేదు. అలాంటి చోట రూపం నమూనా దశలోనే ముగుస్తుంది.

చేయే కృతి అనేది రెండోవారి మాట. యంత్రం ఇచ్చిన తల ఎంత చక్కగా ఉన్నా అందులో చేసినవాడి తీర్పు లేదని వారి అభ్యంతరం. దీనిలో నిజమున్నా, తరిమెననూ ప్లాస్టర్ అచ్చునూ ఒప్పుకుని ప్రింటరును మాత్రం వెలివేయడానికి వారు చూపే కారణాలు గట్టిగా నిలబడవు. అచ్చు వాడిన రోజే పునరుత్పత్తి మొదలైంది.

మూడోవారు తక్కువగా మాట్లాడతారు, ఎక్కువగా చేస్తారు. పదార్థం ఎప్పుడు నోరు విప్పుతుందన్నదే వారికి ముఖ్యం. పలకలు గీయకముందే మట్టి మందం, కాగితం మడత, చెక్క పోగు లెక్కలోకి వస్తే తల కుదురుతుంది. గీయడం అయ్యాక వస్తే ప్రతి అడుగూ సర్దుబాటే. ఇంతదాకా చూసిన సాక్ష్యమంతా వీరివైపే మొగ్గుతోంది. కొండపల్లి వారి అవయవాల విభజన, ఏటికొప్పాక వారి గోళాలు, సిద్దిపేట గుడి పొరల గీతలు, అయ్యనారు గుర్రం విడి చెవులు, అన్నిటా శైలి పదార్థం నుంచే వచ్చింది. విఫలమైన తలల్లో ఎక్కువభాగం ఒక పదార్థం కోసం గీసి మరోదానిలో చేసినవే. కాగితానికి గీసిన పదునైన పలకల జింకను మట్టిలో నొక్కితే అంచులు నలిగి, చేతకాక చేసినట్టుంటుంది. అదే మట్టికోసం అంచులు కొంచెం గుండ్రంగా గీసి ఉంటే ఉద్దేశంతో చేసినట్టుండేది.

నాలుగు దారులనూ పోల్చి ఒక్క మాటలో చెప్పాలంటే: తక్కువ ఖర్చు, పదునైన అంచు కావాలంటే కాగితం. సన్నని కొమ్ములు, తక్కువ బరువు కావాలంటే ప్లైవుడ్. చిక్కని మెలికలు, గుంటలు ఉంటే ప్రింటింగు. ఎండకూ వానకూ బయటి గోడమీద ఏళ్లపాటు నిలవాలంటే మట్టి.

గోడ, గాలి

బరువు లెక్కను శిల్పులు చివరికి వదిలేస్తారు, అదే ముందు రావాలి. తల గోడనుంచి బయటికి పొడుచుకుని ఉంటుంది కాబట్టి కిందికి లాగడమే కాకుండా పై స్క్రూను గోడలోంచి బయటికి పీకుతుంది. 4 కిలోల మట్టి తల బరువు కేంద్రం గోడకు 20 సెం.మీ. దూరంలో ఉండి, తల అడుగు అంచు గోడకు ఆనేచోటు నుంచి పై స్క్రూ 25 సెం.మీ. ఎత్తున ఉంటే, ఆ స్క్రూమీద పడే లాగుడు సుమారు 3.2 కిలోలు. ముక్కు పొడుగైతే ఇది పెరుగుతుంది, బిగింపు ఎత్తు పెంచితే తగ్గుతుంది. సున్నపు గచ్చు పూసిన పాత గోడల్లో పూత పట్టును నమ్మకూడదు. స్క్రూ లోపలి ఇటుకదాకా వెళ్లాలి.

ఉప్పళం వంటి తీరపు పేటల్లో ఉప్పుగాలి మామూలు ఇనుప స్క్రూను త్వరగా తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఉబ్బి మట్టి కంతను పగలగొడుతుంది. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలులోని మాలిబ్డినం ఉప్పు దాడిని తట్టుకుంటుంది. మామూలుగా దొరికే 304 రకం ఇంటి లోపలికి సరిపోతుంది. తక్కువ వేడిలో కాల్చిన మట్టి ఉప్పునీటిని పీల్చుకుంటుంది. నీరు ఆరినప్పుడు ఉప్పు స్ఫటికాలు పైకి తేలి పొరలు రాలుస్తాయి. దీనికి మందు పైపూత కంటే కాల్పు వేడి పెంచడమే.

హక్కుల చిక్కు

తలను గీసినవారికి చట్టం ఇచ్చే రక్షణ విచిత్రంగా ఉంటుంది. శిల్పం 1957 కాపీరైట్ చట్టం కింద కళాకృతి. కానీ అదే రూపం 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదుకు తగినదై ఉండి నమోదు చేయించకపోతే, పారిశ్రామిక పద్ధతిలో యాభైకి మించి ప్రతులు చేసిన వెంటనే దానిమీద కాపీరైట్ పోతుందని కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. నమోదు చేయిస్తే పదేళ్లు, పొడిగిస్తే మరో అయిదేళ్లు రక్షణ. ఒకే ఫైలునుంచి ఊరూరా ఇళ్లలో ముద్రించే తలలను ఎవరి ప్రతులుగా లెక్కపెట్టాలి? ఇళ్లలోని ప్రింటరు పారిశ్రామిక పద్ధతి కిందికి వస్తుందా? చట్టం రాసినప్పుడు ఊహించని ప్రశ్నలివి.

భౌగోళిక గుర్తింపు దగ్గర చిక్కు మరోలా ఉంటుంది. 1999లో చేసి 2003 సెప్టెంబరు 15న అమల్లోకి తెచ్చిన ఆ చట్టం ఊరికీ, పద్ధతికీ, వస్తువు గుణానికీ ఉన్న సంబంధాన్ని కాపాడుతుంది. ఒక్కరి రూపకల్పనను కాపాడదు. హైదరాబాదులో గీసి, ప్రింటు చేసిన నమూనాతో తీసిన ప్లాస్టర్ అచ్చులో విలియనూరు మట్టి నొక్కి, విలియనూరు కుమ్మరి చేతులతో చెవులతికించి, అక్కడే కాల్చిన గిత్త తలను విలియనూరు మట్టిబొమ్మ అనవచ్చా అన్న ప్రశ్నకు జవాబు నమోదు పత్రంలో పద్ధతిని వర్ణించిన తీరుమీద ఆధారపడుతుంది. అచ్చును చేతిపనిలో భాగంగా చూసే చోట అవుననవచ్చు, చక్రమూ చేతివేళ్లూ మాత్రమే పద్ధతిగా చూసే చోట కాదనవచ్చు. హస్తకళల సంఘాల్లో కొత్త రూపాలకు తలుపులు తెరవాలనేవారు మొదటి అర్థాన్ని కోరుకుంటారు, చవక నకళ్లకు భయపడేవారు రెండో అర్థాన్ని పట్టుకుంటారు. ఫైలు గీసినవారి పేరూ మట్టి తీర్చినవారి పేరూ రెండూ తల వెనక వేయడమన్నది, చట్టం తేల్చేలోపు, రెండు పక్షాలకూ అభ్యంతరం లేని పద్ధతి.